సగం ధరకు ఒక బొటనవేలు

రండి, ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. తలుపు పూర్తిగా మూయకండి, వారగా వేయండి చాలు. ఎవరు వస్తున్నారో నాకు కనబడాలి. ఈ మధ్య నాకు అదొక అలవాటైపోయింది, ఎందుకో చివర్లో మీకే తెలుస్తుంది.

నేను చదువుకున్నదాన్ని కాదు. సంతకం ఒక్కటే వచ్చు, అదీ ముసలితనంలో మనవరాలు చెవి మెలేసి నేర్పితే వచ్చింది. కానీ చూసింది చూసినట్టు చెప్పగలను. మధ్యలో ఆపి "త్వరగా చెప్పు మామ్మా" అనకండి. త్వరపడ్డ మనిషి వల్లే మా చెల్లెలు లాకప్‌లో పడింది.

ఆ రోజు ఉదయం నేనూ మా మేనకోడలూ పోలీసు స్టేషన్‌కి వెళ్ళాం. మేనకోడలంటే మా తమ్ముడి కూతురు. డిటెక్టివ్. ఒక మందుల షాపు పైన చిన్న గది అద్దెకు తీసుకుని, తప్పిపోయినవాళ్ళని వెతకడం, బీమా డబ్బు కోసం దొంగ ఏడుపులు ఏడ్చేవాళ్ళని పట్టుకోవడం దాని పని. ఆలోచనలో పడితే పెన్ను మూత నమిలేస్తుంది. చిన్నప్పుడు బొమ్మ కాళ్ళు నమిలేది, ఇప్పుడు మూతలు. అంతే తేడా.

చెల్లెలు బెంచీ మీద ముడుచుకుని కూర్చుని ఉంది. నన్ను చూడగానే "అక్కా, నేను చంపలేదే" అని భోరుమంది.

"చిన్నత్తా, ఏడుపు తర్వాత. సాయంత్రంలోగా నిన్ను జైలుకి పంపిస్తారట. అడిగినదానికి మాత్రం చెప్పు" అంది మేనకోడలు. "ఆ సగంధర మనిషి దగ్గరికి నువ్వు ఎన్నిసార్లు వెళ్ళావు?"

"రెండే. పన్ను నంబరుకి దరఖాస్తు పెట్టడానికి ఒకసారి. మొన్న పొద్దున తిట్టడానికి ఒకసారి."

ఈ సగంధర ఎవరో మీకు చెప్పాలి. మా చెల్లెలు బట్టల కంపెనీకి చొక్కాలు కుడుతుంది. ఉన్నట్టుండి కంపెనీ లెక్కల గుమాస్తా అందరినీ పిలిచి, పన్ను నంబరు లేనివాళ్ళ కూలిలో ఐదో వంతు కోస్తామన్నాడు. ఆడవాళ్ళు లబోదిబోమన్నారు. నంబరు కావాలంటే దరఖాస్తు రుసుము నూట ఇరవై. అప్పుడు ఆ గుమాస్తానే మెల్లగా చెప్పాడు, వెనక వీధిలో ఒకాయన కొట్టు పెట్టాడు, ఆయన అరవైకే చేయించి పెడతాడని. సంతకం పెట్టేవాళ్ళకి పూర్తి ధర, వేలిముద్ర వేసేవాళ్ళకి సగం ధర. సంతకమైతే సరిపోల్చి చూసే పని ఎక్కువట, వేలిముద్రకి ఆ బాధ లేదట. ఇంకేముంది, సంతకం వచ్చినవాళ్ళు కూడా రానట్టు మొహం పెట్టి వరస కట్టారు. చెల్లెలు వెళ్ళింది. నా బ్యాంకు పనికి కూడా నంబరు అడుగుతున్నారని దాని వెనకే నేనూ వెళ్ళాను. మనవరాలికి మాత్రం చెప్పలేదు, చెబితే మళ్ళీ చెవి మెలేసేది.

"ఎందుకు తిట్టావు?" అని అడిగింది మేనకోడలు.

"నేనెప్పుడూ చూడని మేడ ఏదో నేను అమ్మానట, దాని మీద పన్ను కట్టలేదట. నోటీసు వచ్చింది. కట్టాల్సింది ఎంతో తెలుసా? నా జన్మంతా కాలర్లు కుట్టినా తీరదు. నా నంబరు ఎవరికిచ్చావురా అని అడిగాను. తెల్లబోయాడు. నీ అంతు చూస్తానని అరిచి వచ్చాను. వీధంతా విన్నది."

"ఆ సాయంత్రమే అతను చచ్చాడు. ఆరుకీ ఏడుకీ మధ్య నువ్వెక్కడున్నావు?"

"ఇంట్లో, మిషను ముందు."

"ఎవరైనా చూశారా?"

"ఎవరు చూస్తారే, నేను నాటకం ఆడుతున్నానా!"

మేనకోడలికి నవ్వు రాలేదు. అత్త ఎడమచేయి అందుకుని బొటనవేలు వెలుతురు వైపు తిప్పింది. దాని మీద అడ్డంగా తెల్లటి గీత. కుట్టు మిషను సూది వేలిలోకి దిగబడితే డాక్టరు కుట్లు వేశాడు. ఆ రోజు చెల్లెల్ని రిక్షాలో తీసుకెళ్ళింది నేనే.

"ఇది దరఖాస్తు పెట్టకముందా, పెట్టాకా?"

"పెట్టాక. చాలా రోజుల తర్వాత. ఎందుకే?"

 మేనకోడలి పెన్ను మూత నోట్లోకి వెళ్ళింది.

ఆ తర్వాత ఇద్దరం సగంధర కొట్టుకి నడిచాం. దారిలో నేనడిగాను, "ఏం తోచిందే నీకు?"

"పెద్దత్తా, ప్రభుత్వానికి కట్టాల్సిందే నూట ఇరవై కదా. అందులో రాయితీలేమీ లేవు, నేను కనుక్కున్నాను. అతను మీ దగ్గర అరవై తీసుకుంటే మిగతా అరవై ఎవరు కట్టారు?"

నేను నడిచేదాన్నల్లా ఆగిపోయాను. నిజం చెప్తున్నాను, అంతమంది ఆడవాళ్ళం, కొత్తిమీర దగ్గర కూడా బేరమాడేవాళ్ళం, ఒక్కరికీ ఆ ప్రశ్న తట్టలేదు. మాకు మిగిలింది చూసుకున్నాం. ఎవరికి తగ్గిందో చూడలేదు.

"పుణ్యానికి చేశాడేమో" అన్నాను.

"పుణ్యానికి చేసేవాడు సంతకం పెట్టేవాళ్ళకి కూడా చేస్తాడు. ఎవరో మీ వేళ్ళు కొనుక్కున్నారు పెద్దత్తా. తలకి అరవై పెట్టి."

కొట్టు ముందు కానిస్టేబుల్ నిలబడి ఉన్నాడు. లోపల ఫొటోలు తీసేచోట ఉన్న స్టూలు మీద ఇన్‌స్పెక్టర్ కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. ఆయన్ని మా వీధిలో గడియారం అంటారు. మాట మాటకీ మణికట్టు చూసుకుంటాడు. లంచం తినే మనిషి కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ అన్నీ అయిపోవాలి, అప్పటికప్పుడే అయిపోవాలి.

"వచ్చారా మేడమ్? మేనత్త కేసు మేనకోడలే చూస్తుందన్నమాట. తీర్పు కూడా మీరే రాసేస్తే మాకు శ్రమ తప్పుతుంది" అన్నాడు మణికట్టు చూసుకుంటూ.

"మీరు ఇప్పటికే రాసేశారుగా సార్, నాకెక్కడ మిగిల్చారు!" అంది ఇది.

"చూడమ్మా, పొద్దున అందరి ముందూ బెదిరించింది. సాయంత్రం అతని తల పగిలింది. టేబుల్ మీద నీళ్ళ గ్లాసుంది. గ్లాసు మీద ఆమె ఎడమ బొటనవేలి ముద్ర. మనుషులు అబద్ధమాడతారు, వేలు ఆడదు. పది నిమిషాలు ఇస్తాను, చూసుకుని వెళ్ళండి."

కొట్టంటే పెద్దదేం కాదు. ముందు ఒక టేబుల్, కంప్యూటరు. పక్కన ఫొటో తీయడానికి గోడకి కట్టిన నీలం గుడ్డ, దాని ముందు పెట్టెలా నాలుగు వైపులా చెక్కతో మూసిన ఆ స్టూలు. ఫొటోలు కత్తిరించే బ్లేడు, జిగురు సీసా. టేబుల్ కింద నేల మీద ఒక మరక. దాన్ని నేను రెండోసారి చూడలేదు.

మేనకోడలు వంగి, లేచి, మళ్ళీ వంగి చూస్తోంది. మూలనున్న నీళ్ళ కుళాయి దగ్గర ఒక ప్లాస్టిక్ గిన్నె కనబడితే మూత తీసింది. లోపల గులాబీ రంగు ముద్ద ఎండిపోయి పగుళ్ళు తేలి ఉంది.

"ఇదేంటి పెద్దత్తా?"

"అదా, వేళ్ళు శుభ్రం చేసే ముద్ద. వేలిముద్ర వేసేముందు అందులో బొటనవేలు నొక్కి కాసేపు ఉంచమనేవాడు. కుట్టుపని చేసే చేతులకి నూనె ఉంటుంది, అది లాగేస్తుందనేవాడు. ఒక్కొక్కరికీ కొత్త ముద్ద. అబ్బో, ఎంత శుభ్రమైన మనిషో అనుకున్నాం."

"నువ్వూ పెట్టావా?"

"పెట్టాను."

చెప్తూనే గిన్నె దగ్గరికి మొహం పెట్టాను. వాసన తగిలింది. పుదీనా వాసన లాంటిదే, కానీ పుదీనా కాదు. ఆ వాసన నా నోటికి తెలుసు. "ఒసేయ్, ఇది నా కట్టుడు పళ్ళకి అచ్చు తీసిన ముద్దే! పళ్ళ డాక్టరు నోరంతా కుక్కి కూర్చోబెట్టాడు చూడు, అదే వాసన."

అదే వాసన ఆ రోజు వేలు పెట్టినప్పుడు కూడా వచ్చి ఉంటుంది. కానీ ఆ రోజు నా బుద్ధంతా మిగిలిన అరవై మీదే ఉంది.

మేనకోడలు గిన్నె కింద పెట్టి ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. "సార్, గ్లాసు మీది ముద్ర ఫొటో మీ దగ్గర ఉందా?"

ఆయన ఫోనులో తీసి చూపించాడు. పెద్దది చేసి చూస్తే వేలి గీతలన్నీ నీళ్ళలో సుడుల్లా స్పష్టంగా కనబడుతున్నాయి.

"దీన్ని దేనితో పోల్చారు?"

"ఆమె దరఖాస్తులో వేసిన ముద్రతో. కంప్యూటర్లో రెండు నిమిషాల్లో దొరికింది."

"అరెస్టు చేశాక ఆమె వేలు మళ్ళీ తీసుకోలేదా?"

"ఉన్నదే సరిపోయిందిగా. మళ్ళీ దేనికి, టైము దండగ!"

"అయితే ఈ ముద్రలో కుట్ల గీత చూపించండి సార్."

"ఏ కుట్లు?"

"మా అత్త బొటనవేలికి అడ్డంగా పడిన కుట్లు. దరఖాస్తు పెట్టాక సూది దిగింది. హాస్పిటల్లో కుట్లు వేసిన డాక్టరున్నాడు. మొన్న సాయంత్రం ఆమె నిజంగా ఈ గ్లాసు పట్టుకుంటే ఆ గీత కూడా పడాలి. ఇందులో లేదు. మీ ముద్ర మా అత్తదే, కాదనను. కానీ అది ఆమె పాత వేలు."

ఇన్‌స్పెక్టర్ ఫోను వైపు చూశాడు, నా వైపు చూశాడు. మణికట్టు చూసుకోబోయి ఆగాడు. "పాత వేలేమిటి? వేళ్ళేమైనా చొక్కాలా, పాతదీ కొత్తదీ ఉండడానికి?"

"ఈ గిన్నెలో అచ్చు తీసి రబ్బరు పోస్తే చొక్కాలాగే తొడుక్కోవచ్చు సార్."

"కథలు చెప్పకండి మేడమ్! రబ్బరు వేళ్ళు! ఉంటే చూపించండి. ఈ కొట్టంతా నా మనుషులు తిరగేశారు. చీపురు పుల్ల కూడా వదల్లేదు."

"అన్నీ తిరగేశారా?"

"అన్నీ."

"మీరు కూర్చున్నది కూడా?"

ఆయన లేవలేదు. పౌరుషం. నాకు మాత్రం ఆ రోజు గుర్తొచ్చింది. ఫొటో తీయించుకునేటప్పుడు మొహానికి వెలుతురు కొడుతోందని నేను స్టూలు కాస్త పక్కకి లాగబోయాను. సగంధర ఎప్పుడూ నవ్వుతూ ఉండే మనిషి, అప్పుడు మాత్రం కసిరాడు. "మామ్మా, స్టూలు జరపొద్దు! దాని చోటు దానిదే!" అన్నాడు. పైగా నేను లాగినా అది కదిలితేగా. ఖాళీ స్టూలు అంత బరువు ఉండడమేమిటి?

ఆ సంగతి చెప్పాను. ఇన్‌స్పెక్టర్ మొహం ముడుచుకుని లేచాడు. మేనకోడలు పైనున్న గుడ్డ లాగేసి పలక కింద వేళ్ళు పెట్టి ఎత్తింది. పలక మూతలా లేచింది.

లోపలంతా అగ్గిపెట్టెలు, వరసలు వరసలుగా. ఒక్కొక్క పెట్టె మీదా ఒక్కొక్క చిన్న ఫొటో అంటించి ఉంది, మేము ఆ స్టూలు మీదే కూర్చుని తీయించుకున్న ఫొటోలే. బొత్తాలు కుట్టే ఆవిడ, ఇస్త్రీ ఆవిడ, కంపెనీ గేటు దగ్గర ఊడ్చే ముసలాయన. అందరూ నీలం గుడ్డ ముందు బిగుసుకుని నా వైపే చూస్తున్నారు. మేనకోడలు ఒక పెట్టె తెరిచింది. దూదిలో బొటనవేలి తొడుగు ఒకటి, లేత పసుపు రంగులో, గోరు లేకుండా. 

ఇన్‌స్పెక్టర్ తొడుగును వెలుతురులో పట్టుకుని చాలాసేపు చూశాడు. ఆ కాసేపు టైము ఎంతైందో ఆయనకి గుర్తు లేదు.

"వీటితో ఏ కాగితం మీదైనా ముద్ర వేయొచ్చు" అంది మేనకోడలు నెమ్మదిగా. "మేడలు కొనొచ్చు, అమ్మొచ్చు. పన్ను మాత్రం చొక్కాలు కుట్టేవాళ్ళ మీద పడుతుంది. సంతకం వద్దన్నది అందుకే. చిన్నత్త వీధిలో అరవగానే సగంధర హడలిపోయి ఉంటాడు. హడలిపోయినవాడు నోరు జారతాడు. అందుకే అతని నోరు మూసేశారు. అరిచిన మనిషి వేలే గ్లాసు మీద వదిలిపెట్టారు."

చెల్లెలి ఫొటో ఉన్న పెట్టె దొరికింది. ఖాళీ. ఎలాగూ ఖాళీగానే ఉంటుందని అనుకున్నాం.

దాని పక్క పెట్టె మేనకోడలు చేతిలోకి తీసుకుని, తెరిచి, టక్కున మూసేసింది. నాకు కనబడకుండా వెనక్కి దాచబోయింది. దాన్ని ఎత్తుకు తిరిగినదాన్ని నేను, నా దగ్గరా దాచడం? చెయ్యి పట్టుకుని లాగాను.

పెట్టె మీద నా ఫొటో. బొట్టు కాస్త పక్కకి జరిగి, పెదాలు బిగించి. లోపల దూది మాత్రమే ఉంది. దూదిలో వేలంత గుంట.

"నా వేలేదే?" అన్నాను. 

"తీసుకెళ్ళారు పెద్దత్తా. చెల్లెలి తర్వాత అక్క. చెల్లెల్ని జైల్లో పెట్టించారన్న కోపంతో అక్క ఇంకొకర్ని చంపిందంటే ఎవరైనా నమ్ముతారు" అంది.  "సార్, ముందు ఆ కంపెనీ గుమాస్తాని పట్టుకోండి. మిగతా అరవై ఎవరు కట్టారో అతనికి తెలుసు."

ఈసారి ఇన్‌స్పెక్టర్ వాదించలేదు. "పరిగెత్తు" అని కానిస్టేబుల్‌ని పంపాడు.

నేను నా ఎడమ బొటనవేలి వైపు చూసుకుంటూ ఉండిపోయాను. పిల్లలకి పాలు కలిపిన వేలు, వాళ్ళ బుగ్గల మీద కాటుక చుక్క పెట్టిన వేలు. ఒక్క మచ్చ లేదు దాని మీద. చెల్లెలి వేలిని సూది కాపాడింది. నాకు ఆ అదృష్టం కూడా లేదు. రేపు ఎక్కడో ఎవడో చస్తాడు, అక్కడ నా వేలు ఉంటుంది. ఈ రోజంటే ఇన్‌స్పెక్టర్ పక్కనే ఉన్నాను. రేపు ఇంట్లో ఒక్కదాన్నే ఉంటాను. ఎవరు చూశారు అంటారు. నేనేమైనా నాటకం ఆడుతున్నానా అని నేనూ అంటాను.

టేబుల్ మీద ఫొటోలు కత్తిరించే బ్లేడు ఉందన్నాను కదా. దాన్ని అందుకున్నాను.

"మామ్మగారూ! అది ముట్టుకోకండి, సాక్ష్యం!" అని అరిచాడు గడియారం.

"ఇకనుంచి నా వేలూ సాక్ష్యమే నాయనా" అన్నాను.

అడ్డంగా, లోతుగా, గట్టిగా ఒక్క గీత గీశాను. మేనకోడలు "పెద్దత్తా!" అని మీదకి దూకి చేయి పట్టుకునేసరికే అయిపోయింది. నొప్పి తర్వాత తెలిసింది. ముందు రక్తం తెలిసింది. మేనకోడలు నా చెంగు చింపి వేలికి చుడుతూ, చిన్నపిల్లలా ఏడుస్తూ తిట్టింది. "బుద్ధుందా నీకు? ఈ వయసులో, తుప్పు పట్టిన బ్లేడుతో..."

"బాబూ," అన్నాను ఇన్‌స్పెక్టర్‌తో, "నీకు టైము చూడటం అలవాటు కదా. ఇప్పుడు చూసి రాసుకో. ఇప్పట్నుంచి గీత లేని ముద్ర ఎక్కడ కనబడినా అది నాది కాదు."

 ఆయన మణికట్టు చూసుకున్నాడు, ఈసారి మామూలుకంటే ఎక్కువసేపు. "పన్నెండు దాటి ఐదు నిమిషాలు" అని పైకే చెప్పి జేబులోంచి పుస్తకం తీసి రాసుకున్నాడు. "మీ చెల్లెలిగారిని సాయంత్రంలోగా ఇంటికి పంపిస్తాను మామ్మగారూ. ముందు ఆమె వేలు మళ్ళీ తీసుకుంటాను. నేను... త్వరపడ్డాను."

ఆ మాటకి నా ప్రాణం కాస్త కుదుటపడింది. హాస్పిటల్‌కి వెళ్ళి కుట్లు వేయించుకున్నాను. మొండికేసి ఇన్‌స్పెక్టర్‌ని కూడా వెంట తీసుకెళ్ళాను. డాక్టరు కాగితం మీద వేళతో సహా రాశాడు. బయటికొచ్చి మెట్లు దిగుతుంటే ఇన్‌స్పెక్టర్ ఫోను మోగింది. వింటున్నకొద్దీ ఆయన మొహంలో రంగు మారిపోయింది.

"గుమాస్తా పొద్దునే బ్యాంకు పనని కంపెనీ నుంచి బయటికి వెళ్ళి, ఒంటిగంటకి భోజనానికని గదికి చేరాడట. కానిస్టేబుల్ కంపెనీలో వెతికి, గది దొరకబుచ్చుకుని వెళ్ళేసరికి..." ఆగాడు. "ఇంకా వేడిగానే ఉన్నాడట."

మేనకోడలు నా భుజం పట్టుకుంది. "గ్లాసు ఉందా?" అని అడిగింది.

"ఉంది. ఎడమ బొటనవేలి ముద్ర. చాలా శుభ్రంగా పడిందట." ఫోనులోకి అడిగాడు, "దాని మీద అడ్డంగా గీత ఏమైనా ఉందా? సరిగ్గా చూసి చెప్పు."

అవతల వాడు చూడటానికి ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. నా వేలు కట్టులోపల గుండెలా కొట్టుకుంటోంది.

"లేదట" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

 మిగతా అరవై ఎవరు కట్టారో తెలిసినవాళ్ళు ఇద్దరే, ఆ ఇద్దరూ పోయారు. ఇక మిగిలింది కట్టినవాడు. నా వేలు ఇంకా వాడి జేబులోనే ఉంది. అది ఇక చెల్లదని వాడికింకా తెలియదు. తెలిసిన రోజు అసలు వేలు కోసం వస్తాడు.

అందుకే తలుపు వారగా వేయమన్నాను.

ఇదిగో, నా చేయి చూడండి. ఇంకా దగ్గరికి రండి, భయం లేదు, మానిపోయింది. ఈ గీత చూశారా? ఇటు చివర కాస్త వంకర తిరిగింది, మేనకోడలు చేయి లాగినప్పుడు పడిన వంకర అది. దీన్ని బాగా గుర్తుపెట్టుకోండి. ఎక్కడైనా, ఎప్పుడైనా, మామ్మ ఫలానా కాగితం మీద వేలు వేసింది, ఫలానా చోట ముద్ర దొరికిందని ఎవరైనా అంటే, గీత ఉందా అని అడగండి. వంకర ఉందా అని అడగండి. ఆ రోజుకి నేను ఉంటానో ఉండనో. మీరు చెప్పాలి. మీ పిల్లలకీ చెప్పి, వాళ్ళ చేతా చెప్పించాలి. ఏదీ, ఇప్పుడు మీరొకసారి నాకు చెప్పండి, వంకర ఏ వైపు ఉంది?